మీకు తెలుసా? స్వీట్ కార్న్ లెక్క పీచు దగ్గరే మొదలు

జహీరాబాద్ పేరు చెబితే అల్లం, ఆలుగడ్డ, చెరకు, కంది గుర్తొస్తాయి. ఇప్పుడు ఇంటి వెనక జాగా ఉన్నవాళ్లు నాలుగు సాళ్లు స్వీట్ కార్న్ కూడా పెట్టుకుంటున్నారు. ఎప్పుడు విత్తాలి, ఎప్పుడు కోయాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. కంకికి పీచు వచ్చే రోజును ముందు అనుకోవాలి. ఆ రోజు మరీ ఎండలోనో, ఎడతెగని ముసురులోనో పడకుండా వెనక్కి లెక్క వేస్తే విత్తే తేదీ వస్తుంది. అక్కడి నుంచి ముందుకు లెక్క వేస్తే కోసే తేదీ వస్తుంది.

పోగుకో గింజ

కంకి కొసన వేలాడే పీచులో ఒక్కో పోగు లోపలున్న ఒక్కో గింజకు చేరుతుందని తెలుసా? మక్క మొక్కకు తలమీద వచ్చేది మగ పూత. నడుమ ఆకు మొదట్లో వచ్చే కంకి ఆడ పూత. పైనుంచి రాలిన పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి పోగుకు అంటితే ఆ పోగు చివరున్న గింజ నిండుతుంది. అంటకపోతే అక్కడ ఖాళీయే. పీచు ముందుగా కంకి మొదలు వైపు గింజల నుంచి బయటికి వస్తుంది, కొస గింజలది చివరికి వస్తుంది. చాలా కంకులు కొసన బోసిగా ఉండటానికి ఇదొక కారణం. ఆలస్యంగా వచ్చిన పోగులకు పుప్పొడి మిగలదు.

వెనక్కి ఎన్ని రోజులు?

వానాకాలంలో విత్తిన స్వీట్ కార్న్‌కు సుమారు 50 నుంచి 55 రోజులకు పీచు వస్తుంది. చలికాలం పంటకు 60 రోజులు దాటుతుంది. విత్తనం ప్యాకెట్ మీద రాసిన రోజులు వెచ్చని వాతావరణానికి వేసిన లెక్క. మక్క మొక్క క్యాలెండర్‌ను చూసి పెరగదు, తనకు అందిన వెచ్చదనాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ఒకే రకం విత్తనం వానాకాలంలో 75 రోజులకు కోతకొస్తే, చలికాలంలో 90 రోజుల దాకా తీసుకోవచ్చు.

మొదటి అదను: మిరుగు నుంచి పునర్వసు దాకా

జూన్ 7, 8 తేదీల్లో మిరుగు కార్తె మొదలవుతుంది. తొలి చినుకుకే తొందరపడి గింజ పెడితే, తర్వాత వాన మొహం చాటేసినప్పుడు మొలక మాడిపోతుంది. నేల జానెడు లోతు తడిశాకే విత్తాలి. జూన్ మధ్య నుంచి జూలై మధ్య వరకు, అంటే పునర్వసు కార్తె లోపు విత్తితే ఆగస్టులో, సెప్టెంబర్ మొదట్లో పీచు వస్తుంది. కంకులు ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో చేతికొస్తాయి. ఈ అదనులో నీళ్ల ఖర్చు తక్కువ. కలుపు, పురుగు మాత్రం ఎక్కువ.

రెండో అదను: హస్త, చిత్త

పెరటి పంటకు అన్నిటికన్నా నమ్మకమైన కాలం సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ 20 వరకు. వానలు వెనక్కి తగ్గుతాయి, ఎండ నిండుగా ఉంటుంది, నేల ఇంకా వెచ్చగానే ఉంటుంది. అక్టోబర్ 5న విత్తారనుకోండి. డిసెంబర్ మొదటి వారంలో పీచు, నెలాఖరుకు కంకి. ఇంకో పదిహేను రోజులు ఆగి ఇంకో మడి విత్తితే సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లలకు పెరట్లోనే కంకులు విరిచి ఇవ్వొచ్చు.

కోహీర్ చలి సంగతి

రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతల వార్తల్లో జహీరాబాద్ పక్కనే ఉన్న కోహీర్ పేరు తరచూ కనిపిస్తుంది. ఈ పీఠభూమి సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడం ఇక్కడ కొత్త కాదు. స్వీట్ కార్న్ గింజ చల్లని తడి నేలలో మొలకెత్తకముందే కుళ్లుతుంది. నేల కనీసం 16 నుంచి 18 డిగ్రీలు ఉంటే మేలు, 21 దాటితే ఇంకా మంచిది. వెచ్చని నేలలో వారం లోపు వచ్చే మొలక, చలి నేలలో పది పన్నెండు రోజులైనా తల ఎత్తదు. నవంబర్ రెండో పక్షం నుంచి జనవరి మధ్య వరకు విత్తనం సంచి విప్పకపోవడమే మంచిది.

మూడో అదను: సంక్రాంతి దాటాక

బోరో, బావో ఉండి నీళ్లకు ఢోకా లేనివాళ్లు జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి 10 లోపు విత్తుకోవచ్చు. ఫిబ్రవరి 1న పెట్టిన గింజకు మార్చి నెలాఖరుకు పీచు, ఏప్రిల్ మధ్యకు కోత. ఇంకా ఆలస్యం చేస్తే ఏమవుతుంది? మార్చి మధ్యలో విత్తిన మొక్క మే నెల ఎండల్లో పూతకొస్తుంది. 35 డిగ్రీలు దాటిన పొడి వేడికి పుప్పొడి చచ్చిపోతుంది, పీచు బయటికి వచ్చీ రాగానే ఎండుతుంది. మొక్క ఆరడుగులు ఎదిగినా కంకి ఒలిస్తే లోపల నాలుగు గింజలే కనిపిస్తాయి. ఎరువు చాలలేదని, విత్తనం మంచిది కాదని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు తప్పు తేదీదే.

ఎర్ర నేలా, నల్ల రేగడా?

జహీరాబాద్ చుట్టుపక్కల రెండు రకాల నేలలూ ఉన్నాయి. ఒక ఊళ్లో రాళ్లూ రప్పలూ కలిసిన ఎర్ర నేల ఉంటే, పక్క ఊళ్లో నల్ల రేగడి ఉంటుంది. ఎర్ర నేలలో నీరు నిలవదు కాబట్టి వానాకాలం విత్తనానికి భయం లేదు. కానీ అది తొందరగా ఆరిపోతుంది, తడి తరచుగా ఇవ్వాలి. రేగడిలో చలికాలం పంట హాయిగా సాగుతుంది. వానాకాలంలో అదే రేగడి ప్రమాదం. మొలకెత్తిన మొదటి నెల రోజుల్లో మక్క మొదట్లో నీళ్లు నిలిస్తే మొక్క పసుపెక్కి గిడసబారుతుంది. అందుకే రేగడిలో బోదెలు వేసి, బోదె పక్కన గింజ పెట్టాలి. లేత ఆకుల మీద తెల్లటి చారలు కనిపిస్తే అది జింకు లోపం కావచ్చు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తే తేరుకుంటుంది.

ముడతలు పడ్డ విత్తనం పాడైనది కాదు

మొదటిసారి స్వీట్ కార్న్ విత్తనం కొన్నవాళ్లు దాన్ని చూసి మోసపోయామనుకుంటారు. గింజ ఎండి, సొట్టలు పడి, తేలిగ్గా ఉంటుంది. మామూలు మక్క గింజలో చక్కెర పిండిగా మారి గింజ గట్టిపడుతుంది. స్వీట్ కార్న్‌లో ఆ మార్పు సరిగా జరగదు. అందుకే తీపి, అందుకే ముడతలు. లోపల నిల్వ పిండి తక్కువ కాబట్టి మొలకకు బలమూ తక్కువే. రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల లోతు చాలు, అంతకు మించి లోతులో పెడితే పైకి రాలేదు. గింజకు రంగు పూసి ఉంటే అది మందు పట్టించిన విత్తనమని అర్థం. దాన్ని తినకూడదు, పిల్లలకు, కోళ్లకు అందకుండా పెట్టాలి.

ఒకే వరుస పెడితే దండగ

ప్రహరీ గోడ వెంట అందంగా ఒకే వరుసలో ఇరవై మొక్కలు పెట్టేవారు ఎందరో. గాలి అడ్డంగా వీస్తే వాటి పుప్పొడి అంతా పక్కింటి పాలవుతుంది. అవే మొక్కలను నాలుగు వరుసల చదరపు మడిగా పెడితే, ఏ వైపు గాలి వీచినా పుప్పొడి మడిలోనే పడుతుంది. వరుసల మధ్య రెండడుగులు, మొక్కల మధ్య జానెడు చాలు. అలా నాలుగు వరుసల్లో వరుసకు పది మొక్కలు పెడితే ఎనిమిది అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు జాగాలో నలభై మొక్కలు పడతాయి. మొక్కకు ఒక మంచి కంకి ఖాయం. రెండోది వస్తే లాభం.

నలభై కంకులూ ఒకేసారి!

ఒకే రోజు విత్తిన మడి నాలుగైదు రోజుల తేడాలో మొత్తం కోతకొస్తుంది. వంకాయలా, బెండకాయలా నెలలపాటు తెంపుకోవడం కుదరదు. కాబట్టి ఒకే అదనులో పది పదిహేను రోజుల ఎడంతో రెండు మూడు చిన్న మడులు విత్తుకోవాలి. ప్రతి మడీ నాలుగు వరుసలదై ఉండాలన్నది మరవొద్దు. ముందు విత్తిన మడి పుప్పొడి వెనక విత్తిన మడికి అందదు.

పక్క చేను మక్కతో తీపి పోతుంది

చాలా పంటల్లో పరాగం కలిసినా ఆ ఫలితం మరుసటి తరంలోనే కనిపిస్తుంది. మక్కలో అలా కాదు. పక్క చేనులోని మామూలు మక్క పుప్పొడి మీ స్వీట్ కార్న్ పీచు మీద పడితే, ఆ కంకిలోనే ఆ గింజ పిండిగింజ అవుతుంది. తీపి గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే గింజ తియ్యనవుతుంది. ఒక వైపు పిండి గుణం వచ్చినా అదే పైచేయి అవుతుంది. సంగారెడ్డి జిల్లాలో వానాకాలం మక్క సాగు ఉంది కాబట్టి చుట్టూ చూసుకోవాలి. కనీసం 250 మీటర్ల దూరమైనా ఉండాలి, లేదంటే రెండు పూతల మధ్య రెండు మూడు వారాల తేడా అయినా ఉండాలి. దూరం మన చేతిలో లేనప్పుడు పక్క రైతు విత్తిన తేదీ అడిగి తెలుసుకుని మన తేదీని జరుపుకోవడమే మార్గం.

ఇది సత్యం పంట కాదు

జహీరాబాద్ పల్లెల్లో యాసంగిలో తడి పెట్టకుండా, నేలలో మిగిలిన పదునుకూ మంచుకూ పండే జొన్న, శనగ, కుసుమ వంటివాటిని సత్యం పంటలంటారు. స్వీట్ కార్న్ ఆ కోవలోకి రాదు. మోకాలెత్తు పెరిగినప్పుడు, మగ పూత బయటపడేటప్పుడు, పీచు వచ్చినప్పుడు, గింజ పాలు పోసుకునేటప్పుడు నేల ఎండకూడదు. అన్నిటికన్నా పీచు వచ్చే వారం ముఖ్యం. అప్పుడు తడి తప్పితే పీచు ఆలస్యమవుతుంది, ఈలోగా పైనున్న పుప్పొడి రాలిపోతుంది. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ గింజలు తిరిగి రావు.

పొద్దున తొమ్మిదింటికి మడిలోకి

మంచు ఆరాక, సుమారు తొమ్మిది నుంచి పదకొండు గంటల మధ్య పుప్పొడి బాగా రాలుతుంది. నలభై కన్నా తక్కువ మొక్కలున్నా, మేడ మీద కుండీల్లో పెంచుతున్నా గాలిని నమ్ముకోవద్దు. మగ పూతను కాగితం మీదికి వంచి మెల్లగా తట్టండి. పసుపు పొడి రాలుతుంది. దాన్ని వెంటనే పీచు మీద చల్లండి. ఎండలో పుప్పొడి ఎక్కువసేపు బతకదు కాబట్టి దాచిపెట్టి సాయంత్రం చల్లుదామంటే కుదరదు. ఒకే కంకి పీచు నాలుగైదు రోజులపాటు వస్తూ ఉంటుంది, కనుక ఈ పని వరసగా మూడు నాలుగు రోజులు చేయాలి.

2018 నుంచి వచ్చిన కొత్త శత్రువు

అమెరికా ఖండాల నుంచి ఆఫ్రికా మీదుగా వచ్చిన కత్తెర పురుగు మన దేశంలో మొదటిసారి 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో బయటపడింది. అదే ఏడాది తెలంగాణ మక్క చేలకూ పాకింది. లేత ఆకుల మీద వరసగా చిల్లులు, ఆకు సుడిలో రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపిస్తే అది వచ్చిందని అర్థం. పెరటి మడిలో మందు డబ్బా దాకా వెళ్లనక్కరలేదు. మొలకెత్తిన వారం నుంచే రోజూ ఆకు అడుగున చూసి గుడ్ల ముద్దలను నలిపేయాలి. పురుగు సుడిలోకి దిగితే తొమ్మిది పాళ్ల ఇసుకకు ఒక పాలు సున్నం కలిపి చిటికెడు చొప్పున సుడిలో వేయాలి. ఎక్కడైనా అనుమానం వస్తే డిడిగిలోని కృషి విజ్ఞాన కేంద్రం జహీరాబాద్‌కు దగ్గరే.

పిలకలు తుంచక్కర్లేదు

మొక్క మొదట్లో పిలకలు వస్తే బలమంతా అవి లాగేస్తాయని తుంచేసేవాళ్లున్నారు. వాటిని తీసినందువల్ల కంకి పెద్దదవ్వదు. తుంచేటప్పుడు అసలు మొక్క వేరు కదిలితేనే నష్టం. ఆ శ్రమేదో నెల రోజుల మొక్కకు మట్టి ఎగదోయడంలో పెట్టండి. కాండం కింది కణుపుల నుంచి వచ్చే వేర్లు ఆ మట్టిలో దిగి, గాలివానకు మొక్క పడిపోకుండా పట్టి ఉంచుతాయి.

కోతకు గోరే కొలమానం

పీచు కనిపించిన రోజున ఆ మొక్కకు రంగు దారం కట్టండి. వెచ్చని రోజుల్లో అక్కడి నుంచి 18 నుంచి 20 రోజులు, చలిలో 22 నుంచి 25 రోజులు. అప్పటికి పీచు గోధుమరంగుకు తిరిగి ఎండుతుంది, పైపొట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. కంకి కొస మొద్దుగా, నిండుగా చేతికి తగులుతుంది. పొట్టును కొద్దిగా పక్కకు జరిపి ఒక గింజను గోటితో గుచ్చండి. నీళ్లలాంటి రసం వస్తే మూడు నాలుగు రోజులు ఆగాలి. పాలలా వస్తే ఆ రోజే కోయాలి. పిండి ముద్దలా వస్తే గడువు దాటింది, దాన్ని గారెలకు రుబ్బుకోవచ్చు. చూడటం అయ్యాక పొట్టును మళ్లీ కప్పేయాలి, లేకపోతే చీమలు, పిట్టలు చేరతాయి.

చిలుకలకు కూడా లెక్క తెలుసు

మనం గోరు గుచ్చేలోపే రామచిలుకలు, ఉడతలు కంకి ఒలుస్తాయి. పీచు ఎండటం మొదలయ్యాక, అంటే పరాగం అయిపోయాక, కంకికి కాగితం సంచి తొడిగి కట్టేస్తే చాలావరకు కాపాడుకోవచ్చు. పీచు తాజాగా ఉన్నప్పుడే కట్టకూడదు, పుప్పొడి అందక గింజ కట్టదు. ఊరి శివార్లలో ఇల్లున్నవాళ్లకు అడవి పందుల బెడద వేరు. అక్కడ కంచె లేనిదే మక్క నిలవదు.

కోసిన గంట నుంచే తీపి దిగిపోతుంది

పాత తీపి రకాల కంకిని కోసి సుమారు 30 డిగ్రీల వేడిలో ఉంచితే ఒక్క రోజులోనే చక్కెరలో సగానికి పైగా పోతుంది. అదే కంకిని సున్నా డిగ్రీల దగ్గర ఉంచితే పోయేది చాలా తక్కువ. పెరటి కంకికీ బజారు కంకికీ రుచిలో తేడా ఇక్కడే వస్తుంది. ఉదయం చల్లని వేళ కోసి, పొట్టు తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంకా మంచిది, పొయ్యి మీద నీళ్లు పెట్టాకే మడిలోకి వెళ్లండి.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ లాఫ్నన్ 1950లలో మక్కలోని మరో జన్యువు గింజలో చక్కెరను బాగా పెంచుతుందని గుర్తించారు. ఆ జన్యువున్న సూపర్ స్వీట్ రకాల్లో చక్కెర ఎక్కువ, అది పిండిగా మారడమూ నెమ్మదే. దూరప్రయాణం చేసి వచ్చే నేటి కంకులు ఇంకా తియ్యగా ఉంటున్నాయంటే కారణం ఈ రకాలే.

బేబీ కార్న్‌కు వేరే మొక్క అక్కర్లేదు

హోటల్ మంచూరియాలో కనిపించే బేబీ కార్న్ పరాగం జరగకముందే కోసిన లేత కంకి, అంతే. పీచు బయటపడిన ఒకటి రెండు రోజుల్లో కోసేస్తారు. మీ మొక్కకు రెండో కంకి వచ్చి, అది ఎదిగేలా లేదనిపిస్తే ఇలా కోసి వండుకోండి. పై కంకికి ఏ నష్టమూ లేదు.

గింజల వరుసలు సరిసంఖ్యలోనే

తినేముందు కంకి చుట్టూ వరుసలు లెక్కపెట్టి చూడండి. 12, 14, 16 ఇలా సరిసంఖ్యే వస్తుంది. కంకి మీద పూలు జంటలు జంటలుగా పుట్టడమే ఇందుకు కారణం. పిల్లలకు ఈ పందెం పెడితే బేసి సంఖ్య కోసం కంకులన్నీ ఒలిచేస్తారు.

విత్తనం దాచుకోవచ్చా?

అంగట్లో దొరికే హైబ్రిడ్ కంకి గింజలు దాచి విత్తితే మరుసటి పంట ఒకేలా రాదు. హైదరాబాద్‌లోని మొక్కజొన్న పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన మాధురి, ప్రియ రకాలు హైబ్రిడ్‌లు కావు, కాంపోజిట్‌లు. వాటి విత్తనాన్ని, వేరే మక్క పుప్పొడి తగలకుండా చూసుకుంటే, దాచుకోవచ్చు. కొన్ని మంచి కంకులను మొక్క మీదే పూర్తిగా ఎండనివ్వాలి.

విత్తనం దాచే విద్యకు జహీరాబాద్ పల్లెలే పెట్టింది పేరు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తన నిధులు నడుపుతున్నాయి. ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతరలో విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా ఊరేగిస్తాయి. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది.

మక్కకు తోడు ఎవరు?

మక్క పుట్టిల్లు మెక్సికో. సుమారు తొమ్మిది వేల ఏళ్ల కింద అక్కడి ప్రజలు ఒక అడవి గడ్డిని మచ్చిక చేసి దాన్ని పంటగా మార్చారు. ఉత్తర అమెరికా ఆదివాసులు మక్క, చిక్కుడు, గుమ్మడి మూడింటినీ ఒకే చోట వేసి ముగ్గురు అక్కచెల్లెళ్లని పిలిచేవారు. జొన్నలో కంది, బొబ్బర్లు, అనుములు కలిపి విత్తే జహీరాబాద్ రైతు మహిళలకు ఇది కొత్త పాఠమేమీ కాదు. పెరట్లో కూడా మక్క మోకాలెత్తు వచ్చాక వరుసల మధ్య బొబ్బర్లు పెట్టండి. నేలకు నీడ, కలుపుకు అడ్డు, ఇంటికి కూర.

ఒక్క చూపులో

విత్తనం జూన్ మధ్య నుంచి జూలై మధ్య: పీచు ఆగస్టు, సెప్టెంబర్ మొదట్లో, కోత ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ చివరి దాకా.

విత్తనం సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ 20: పీచు నవంబర్ చివర, డిసెంబర్‌లో, కోత డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా.

విత్తనం జనవరి చివర నుంచి ఫిబ్రవరి 10: పీచు మార్చి రెండో పక్షం, ఏప్రిల్ మొదట్లో, కోత ఏప్రిల్‌లో.

కోత అయ్యాక

స్వీట్ కార్న్‌ను లేతగానే కోస్తాం కాబట్టి చొప్ప ఇంకా పచ్చిగా, రసంగా ఉంటుంది. బర్రెకు అది మంచి మేత. అమ్మకానికి పండించే రైతుకైతే ఇది రెండో ఆదాయం. పురుగుమందు కొట్టి ఉంటే మాత్రం డబ్బా మీద రాసిన గడువు దాటాకే మేపాలి. మక్క నేలలోని నత్రజనిని బాగా లాగేస్తుంది. అదే మడిలో వెంటనే మళ్లీ మక్క వేయకుండా కాలాన్ని బట్టి పెసర, అనుము, శనగల్లో ఏదో ఒకటి వేయండి. కోత తేదీ, కంకి నిండిన తీరు క్యాలెండర్ మీదే రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాదికి మీ పెరటి సొంత లెక్క సిద్ధంగా ఉంటుంది.